వనభోజనాల్లో కప్పిన నీలం కండువా

మా చెల్లెలి కొడుకు మెడలో నీలం కండువా వేసింది నేనే. మిషిగన్‌లో, పార్కు షెల్టరు కింద, కార్తీక వనభోజనాల దగ్గర. వేసినందుకు నాకు బాధేమీ లేదు. వాడు వంగాడు, నేను వేశాను. ఆ తర్వాత వాడికి జరిగినదంతా చూశాను కాబట్టి రాస్తున్నాను. వాడు చదివితే చదవనీ.

వాడిది కెనడా. టొరంటో దాటాక వచ్చే కొత్త ఇళ్ళ కాలనీల్లో ఉంటాడు. ఇళ్ళు అమ్మిపెట్టడం పని. అక్కడ బస్టాపు బెంచీల వీపు మీద వాడి ఫొటో ఉంటుంది, చేతులు కట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి. జనం ఆ పళ్ళకి ఆనుకుని బస్సు కోసం కూర్చుంటారు. వాడికి అది చాల్లేదు. ఒట్టావాలో పార్లమెంటు కుర్చీ కావాలి. పెళ్ళికి ముందు నుంచీ అదే యావ.

అక్కడి పార్టీలకి మనలాగా గుర్తులుండవు, రంగులుంటాయి. అధికారంలో ఉన్నది ఎర్ర పార్టీ. ఎదురు పార్టీ నీలం. నారింజ రంగుది ఇంకొకటి ఉంది, ఎర్రదానికి భుజం ఆనించి నిలబెడుతూ, నిలబెట్టినందుకు విసుక్కుంటూ ఉండేది. మావాడు పదేళ్ళు ఎర్ర పార్టీలో చాకిరీ చేశాడు. మంచులో గుమ్మం గుమ్మం ఎక్కి కరపత్రాలు ఇచ్చాడు. ఇళ్ళ ముందు గడ్డిలో బోర్డులు పాతాడు. మీటింగుల్లో కాఫీ పోసి, అయ్యాక కుర్చీలు మడతపెట్టాడు. అక్కడ సీటు రావాలంటే ముందు ఆ నియోజకవర్గంలో పార్టీ సభ్యులు నిన్ను ఎన్నుకోవాలి. ఎవడు ఎక్కువమంది సభ్యుల్ని చేర్పించగలిగితే వాడి పని అయినట్టే. మావాడు కనపడిన తెలుగువాళ్ళనల్లా చేర్పించాడు. అక్కడి పాత ఎంపీ ముసలాయన ఈసారి నిలబడనన్నాడు. సీటు నీదే అని అందరూ వీడి భుజం తట్టారు.

అప్పుడే ఎర్ర పార్టీ మునగడం మొదలైంది. ఇళ్ళ ధరలు, కూరగాయల ధరలు, ఏళ్ళ తరబడి ఒకే ప్రధాని మొహం. జనానికి విసుగెత్తింది. ఏ సర్వే చూసినా నీలం పార్టీ ఎక్కడో పైన ఉంది. ఇక ఎన్నికలు రావడమే తరువాయి, వాళ్ళదే రాజ్యం అన్నారు. మావాడికి నిద్ర పట్టలేదు. పదేళ్ళు ఎక్కిన మెట్లు మునిగే పడవలోకి దిగుతున్నాయని వాడి లెక్క. దూకాడు.

దూకినవాడు నోరు మూసుకుని అక్కడ కుర్చీలు మడతపెట్టుకుంటే సరిపోయేది. అలా చేస్తే వాడు మావాడు ఎలా అవుతాడు. విజయవాడలో కుట్టించి, ఎవరి సూట్‌కేసులోనో తెప్పించుకున్న నీలం కండువాలు ఒక సంచీడు పట్టుకుని, సరిహద్దు నది దాటి మా దగ్గరకి వచ్చాడు.

నేను మా అమ్మాయి దగ్గర ఉంటాను, డెట్రాయిట్ పక్కన. మా అల్లుడు కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. మా అమ్మాయి ఇక్కడి తెలుగువాళ్ళ సంఘంలో కల్చరల్ సెక్రటరీ. తెలుగువాళ్ళ సంఘం అంటే తెలుగువాళ్ళందరిదీ అనుకునేరు. మనవాళ్ళది. అర్థమైందనుకుంటాను. ఏటా కార్తీకంలో వనభోజనాలు పెట్టుకుంటారు. ఉసిరి చెట్టు కింద తినాలి కదా, ఈ చలిలో ఉసిరి చెట్టు ఎక్కడిది. ఒకావిడ బేస్‌మెంటులో లైటు కింద కుండీలో పెంచుతోంది. దాన్ని దుప్పటి చుట్టి కారులో తెచ్చి బల్ల మీద పెడతారు. మోకాలెత్తు ఉంటుంది. దాని కింద తిన్నట్టు అందరం మనసులో అనుకుని, కోట్లు వేసుకుని, అల్యూమినియం ట్రేల్లోంచి పులిహోర పెట్టుకుంటాం.

ఆ రోజు మైకు పట్టుకుని సంఘం ప్రెసిడెంటు మావాణ్ణి పిలిచాడు. "మనవాడు కెనడా పార్లమెంటుకి వెళ్ళబోతున్నాడు. పెద్దవాళ్ళ చేతుల మీదుగా కండువా కప్పుకుని మన ఆశీర్వాదం తీసుకుంటాడు."

అక్కడున్న పెద్దవాళ్ళలో పెద్దదాన్ని నేను. సంచీలోంచి కండువా తీసి నా చేతిలో పెట్టారు. ఒక అంచున కెనడా జెండా మీద ఉండే ఆకు బొమ్మ, అది కూడా నీలమే. రెండో అంచున తెలుగులో "మన మాట, మన సీటు" అని ఉంది. కూడబలుక్కోకుండా చదివాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు వేసి, పక్కన పేర్లు రాసేవాళ్ళు కదా. గుర్తు తెలిసేది, పేరు తెలిసేది కాదు. గాలిపటం పక్కన ఏముంది, కత్తెర పక్కన ఏముంది అని పక్కింటి పంతులమ్మని విసిగించి నేర్చుకున్నాను. నేను మొట్టమొదట సొంతంగా చదివినది గాలిపటం గుర్తాయన ఇంటిపేరు. ఆయనకి డిపాజిట్ కూడా దక్కలేదు. గోడ మీద పేరు మాత్రం వెల్ల వేసినా పైకి తేలుతూ ఏళ్ళ తరబడి ఉంది.

మావాడి పెళ్ళాం కూడా వచ్చింది. వరంగల్ వైపు పిల్ల, అక్కడ ఆసుపత్రి ల్యాబులో పని. ప్రెసిడెంటు ఆమె మెడలో కూడా ఒకటి వెయ్యబోయాడు. ఆమె పేపరు ప్లేటు అడ్డం పెట్టింది.

"నాకు వద్దు సార్. మొన్నటిదాంక ఎర్ర బోర్డులు మోసిన చేతులు ఇవి. ఇంకా నొప్పి పోలే."

అందరూ నవ్వారు. మావాడూ నవ్వాడు, కొంచెం ఎక్కువే నవ్వి మైకు అందుకున్నాడు.

"చూడండీ, మా ఆవిడ రెడ్, నేను బ్లూ. ఎవరు గెలిచినా మా ఇంట్లో ఎంపీ ఉంటాడు." చప్పట్లు. ఆ చప్పట్లతో వాడికి ఒళ్ళు తెలియలేదు. "అసలు పార్టీ ఏదైతే మనకేంటండీ. గెలిచే పార్టీయే మన పార్టీ. రేపు రెడ్ లేస్తే రెడ్‌లోకి వెళ్దాం, బ్లూ ఉంటే బ్లూలో ఉందాం. మనవాడు ఒకడు లోపల ఉండాలి, అంతే పాయింటు. మీకు కెనడాలో బావమరదులు, మేనమామలు ఉంటారు కదా, ఒక్క ఫోన్ కొట్టి మెంబర్‌షిప్ తీసుకోమనండి."

తర్వాత వరసగా అందరి మెడల్లో కండువాలు వేశాడు. వేయించుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా కెనడాలో ఓటు లేదు. చాలామందికి ఇక్కడా లేదు. అయినా ఫొటోలకి ఛాతీలు విరిచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. మా వైపు ఇందులో తప్పేముంది. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా, మర్నాడు పేపర్లో ఫొటో. తిట్టేవాళ్ళు తిడతారు, ఓటేసేవాళ్ళు వేస్తారు. మావాడు కెనడాలో ఇరవయ్యేళ్ళు ఉన్నాడు కానీ, ఆ నాలుగు మాటలు మాట్లాడేటప్పుడు వాడు అక్కడ లేడు, మా ఊళ్ళో ఉన్నాడు.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి అర్థం కావాలని, ప్రతి వీడియోకీ కింద ఇంగ్లీషులో మాటలు వేసి అందరూ చూసేలా నెట్‌లో పెడతారు. ఆ పని మా అమ్మాయిది. శ్రద్ధగా చేస్తుంది. ఆదివారం కూర్చుని మావాడి ఉపన్యాసం మాట మాటా ఇంగ్లీషు చేసింది. "గెలిచే పార్టీయే మన పార్టీ" అన్నది కూడా చేసింది. ఒక్క తప్పు లేదు. నేను పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్నాను.

నీలం పార్టీ వాళ్ళు వీడికి సీటు ఇచ్చారు. బస్టాపు బెంచీల మీది పళ్ళు ఇళ్ళ ముందు బోర్డుల మీదకి కూడా వచ్చాయి.

ఎర్ర పార్టీలో మాత్రం ఆ సీటుకి మనిషి దొరకలేదు. ఓడిపోయే చోట ఎవడు నిలబడతాడు. చివరికి ఒక రిటైరయిన స్కూలు లైబ్రేరియన్‌ని బతిమాలి ఒప్పించారు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. మావాడు ఫోన్లో చెప్పి చెప్పి నవ్వాడు. "పెద్దమ్మా, పాపం బలి మేక దొరికింది వాళ్ళకి. నేను అక్కడ ఉన్నప్పుడు కుకీలు పంచేది. ఆవిడ మీద గెలిచానని చెప్పుకోవడానికి కూడా సిగ్గు."

ఆ చలికాలంలో ఒక శనివారం మా ఇంటికి వచ్చాడు. అప్పటికి అక్కడి ప్రధాని దిగిపోతానని చెప్పేశాడు. ఇక్కడ అమెరికాలో కొత్తగా కుర్చీ ఎక్కినాయన రోజుకోసారి కెనడా మా రాష్ట్రమైతే బాగుంటుందని అంటున్నాడు. సరుకుల మీద సుంకాలు వేస్తానంటున్నాడు. మా అల్లుడి కంపెనీలో ఒక్కొక్క కారు సామాను తయారయ్యేలోగా నదిని అటూ ఇటూ ఎన్నిసార్లు దాటుతుందో, వాళ్ళకి గుండెల్లో రాయి పడింది. అయినా బావమరిది దొరికితే మా అల్లుడు ఊరుకుంటాడా.

"ఏం బామ్మర్దీ, మీ దేశాన్ని మేం కలిపేసుకుంటున్నామంట కదా. నీకు ఏ రంగు కండువా కుట్టించాలి?"

"జోక్ బావా అది. లైట్ తీసుకో."

"నేను తీసుకుంటాను. మీ ఊళ్ళోవాళ్ళు తీసుకుంటారా?"

"మా పోల్ నంబర్స్ సాలిడ్. లీడ్ చూశావా అసలు?"

"చూశాను. కిందటి వారంది చూశాను, ఈ వారంది కూడా చూశాను." ఫోను వాడి ముందుకు తోశాడు.

వాడు ఫోను వంక చూడలేదు. గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ గారె చాలాసేపు నమిలాడు.

తర్వాత జరిగినది లోకమంతా చూసినదే. అక్కడి జనానికి రోషం వచ్చింది. అమెరికా మందు సీసాలు కొట్ల అల్మరాల్లోంచి తీసేశారు. జెండా కనపడని ఇల్లు లేదట. ఎర్ర పార్టీకి కొత్త నాయకుడు వచ్చాడు, రాగానే ఎన్నికలు పెట్టాడు. నీలం పార్టీ నాయకుడు మాత్రం దిగిపోయిన ప్రధానినే తిడుతూ కూర్చున్నాడు. రెండేళ్ళు అదే పాఠం వల్లించాడు, కొత్తదానికి నోరు తిరగలేదు. చచ్చినవాడి మీద కేసు నడిపినట్టుంది. సర్వేల్లో ఎర్ర గీత పైకి, నీలం గీత కిందకి. రెండూ దాటుకున్న రోజు మావాడు ఏం చేశాడో మా కోడలు, అదే వాడి పెళ్ళాం, ఫోన్లో చెప్పింది. మీరు నమ్మరు.

కిలో కాజూ బర్ఫీ, ఒక శాలువా పట్టుకుని ఆ లైబ్రేరియన్ ఇంటికి వెళ్ళాడు.

మన దగ్గర ఇదీ ఉంది. నామినేషన్ వేసినవాడి ఇంటికి శాలువాతో వెళ్ళి, నువ్వు తప్పుకో, నీ గౌరవం నేను చూసుకుంటాను అనడం. నీలం సీటు చేతిలో ఉండగానే వెళ్ళాడు. అమ్మా, నీకు మోకాళ్ళ నొప్పులు, ఒట్టావా తిరగలేవు, నీకు ఎలాగూ ఇష్టం లేదు, నువ్వు తప్పుకుంటే నేను మళ్ళీ పాత ఇంటికి వస్తాను అన్నాడట. ఆవిడ శాలువా బాగుందని, రంగు బాగుందని మెచ్చుకుని, కాఫీ ఇచ్చి, "చాలా ఆలోచించి వచ్చావు, నన్ను కూడా కొంచెం ఆలోచించుకోనీ" అందట. వాడు సరేనంది అనుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు.

"అత్తమ్మా, ఇరవై ఏండ్లాయె ఈడికొచ్చి," అంది కోడలు. "ఈడ ఆలోచిస్త అంటే వద్దన్నట్టే గదా. నాకు తెల్సు, మా ల్యాబుల ఊడ్చే ఆయనకి తెల్సు. ఈనకి తెల్వదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్తే ఇంటడా? ఈల కొడుతుంటే ఎట్ల చెప్పాలె?"

ఆవిడ ఆలోచించుకుంది. పార్టీ వాళ్ళకి చెప్పింది. ఆ వారంలోనే ఎవరో మా అమ్మాయి పెట్టిన వీడియో బయటికి లాగారు. కింద ఇంగ్లీషు వేసే ఉంది, వాళ్ళకి కష్టం కూడా లేకపోయింది. కెనడా ఎంపీ కావాల్సినవాడు అమెరికాలో, అమెరికా వాళ్ళ మెడల్లో కండువాలు వేస్తూ, గెలిచే పార్టీయే మన పార్టీ అంటున్నాడు. అది కూడా ఏ రోజుల్లో. అమెరికా పేరెత్తితే అక్కడివాళ్ళు పళ్ళు నూరుతున్న రోజుల్లో. నా మొహం కూడా ఉంది అందులో, చలికి ముక్కు ఎర్రబడి, కండువా రెండు చేతులా పట్టుకుని. టీవీలో వచ్చాను. మా అల్లుడు ఫొటో తీసి పెట్టుకున్నాడు.

నీలం పార్టీ వాళ్ళు ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నువ్వు అభ్యర్థివి కాదు అన్నారు. బోర్డులు కొత్తవి కొట్టించే టైము లేక, వీడి పేరు మీద ఇంకొకడి పేరు అతికించారు. వానకి అంచులు లేచి, కింద వీడి పేరు సగం సగం కనపడేదట. ఎర్ర పార్టీ వాళ్ళు ఇంకో మాట కలిపారు, ఈయన మా దగ్గరకి కూడా బర్ఫీ తెచ్చాడు అని. రెండు పార్టీలు ఏకమై ఒక మాట మీద నిలబడింది ఆ ఎన్నికల్లో అదొక్కటే అని మా అల్లుడు అన్నాడు.

మర్నాడు వాడు మా గుమ్మంలో ఉన్నాడు. గడ్డం పెరిగి, బెంచీ ఫొటోలో మనిషేనా అన్నట్టు. లోపలికి వస్తూనే మా అమ్మాయి మీద పడ్డాడు.

"నువ్వే నన్ను చంపావక్కా."

"నేనేం చేశాన్రా? నువ్వన్నదే రాశాను."

"కొంచెం మార్చి రాయొచ్చు కదా. మంచి పార్టీయే మన పార్టీ అని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"తప్పు రాస్తే పిల్లలు తప్పు తెలుగు నేర్చుకుంటారు."

వాడు నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వైనా చెప్పు."

"ఏం చెప్పమంటావు. నువ్వు అన్నావా, అనలేదా?"

"అన్నాను. కానీ తెలుగులో అన్నాను కదా."

మా అల్లుడు లేచి గరాజులోకి వెళ్ళాడు. అక్కడ నవ్వుతున్నాడని ఇంట్లో అందరికీ వినపడింది. నాకు నవ్వు రాలేదు. జాలి కూడా రాలేదు. ఇన్నాళ్ళూ వాడు రెండు నోళ్ళతో బతికాడు, ఒకటి వాళ్ళకి, ఒకటి మనకి. ఒకదానికి ఇంకొకటి వినపడదని నమ్మాడు. అన్నం పెట్టాను. తిన్నాడు.

తిన్నాక ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ళావిడ ఇంటి ముందు ఎర్ర బోర్డు పాతింది. ఆ లైబ్రేరియన్ బోర్డు. "కాలనీ అంతా చూసి నవ్వుతోంది పెద్దమ్మా. నువ్వు చెప్తే వింటుంది. తీసెయ్యమను."

ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు. అడిగాను.

"నా సగం గడ్డిల పెట్టిన అత్తమ్మా," అంది ఆ పిల్ల, గొంతు పెంచకుండా. "ఆయన సగం ఖాళీగానే ఉన్నది. ఏ రంగు కావాల్నో ఆయన్నే పెట్టుకోమను."

వాడు వింటున్నాడని ఆమెకి తెలుసు. నేను ఫోను పెట్టేశాను. ఓట్ల రోజు దాకా వాడు మా సోఫా మీదే పడున్నాడు. తన ఓటు వెయ్యడానికి కూడా నది దాటలేదు.

ఫలితాలు మర్నాడు పొద్దున కాఫీలప్పుడు చూశాం. ఎర్ర పార్టీయే మళ్ళీ ఎక్కింది. నారింజ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది, దాని నాయకుడు కూడా పోయాడు. లైబ్రేరియన్ గెలిచింది. టీవీలో ఒక్క క్షణం కనపడింది, కర్ర పట్టుకుని, చుట్టూ పిల్లలు. నడుస్తున్నది నేను కాదు, ఎవరో మోసుకొచ్చారన్నట్టుంది ఆవిడ మొహం. మెడలో శాలువా లేదు, అదైనా వేసుకోవాల్సింది. వీడు పదేళ్ళు మడతపెట్టిన కుర్చీల్లో ఒకటి తీసుకెళ్ళి ఆవిడని కూర్చోబెట్టారు. అక్కడే ఉండి, ఏమీ చెయ్యకుండా, ఊరికే కూర్చుని ఉంటే వీడిదే.

వాడికీ అదే లెక్క తిరుగుతోందని కాఫీ కప్పు పట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది. మా అమ్మాయి ఏదో ఓదార్పుగా అనబోయింది. నేను చేత్తో ఆపాను.

అప్పుడే నీలం పార్టీ నాయకుడు తన సొంత సీట్లోనే ఓడిపోయాడని చెప్పారు. ప్రధాని అవుతాడనుకున్నవాడికి ఎంపీ పని కూడా పోయింది. మావాడు నిటారుగా కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత మొహంలో రక్తం కనపడింది.

"వాడూ పోయాడు పెద్దమ్మా."

"పోతే? నీకేమొచ్చింది?"

"ఏం రాలేదు. పోయాడు, అంతే." ఇంకో కప్పు కాఫీ అడిగాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఆ నాయకుడి కోసం వేరే ఎంపీ ఎవరో సీటు ఖాళీ చేసి ఇచ్చాడు. అక్కడ నిలబడి గెలిచి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. మావాడి కోసం ఎవరూ బస్టాపు బెంచీ కూడా ఖాళీ చెయ్యలేదు. వీడి మొహం చూసి ఇళ్ళు కొనేవాళ్ళు తగ్గారని వాడి కంపెనీ ఆ బెంచీల మీద వేరే ఏజెంటు ఫొటో పెట్టింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. అదే పార్కు, అదే షెల్టరు. ఉసిరి మొక్క ఒక జానెడు ఎదిగింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. కిందటేడు మెడలు వంచిన మగవాళ్ళంతా కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, మావాడికి దూరంగా కాఫీ ఫ్లాస్కు దగ్గర గుంపు కట్టారు. ప్రెసిడెంటు మైకు పట్టుకుని అందరినీ పరిచయం చేశాడు, కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళని కూడా చేశాడు. మావాడి దగ్గరకి వచ్చేసరికి "ఆ, మనకి తెలిసినవారే" అని దాటేశాడు. కోడలి దగ్గర మాత్రం ఆగాడు.

"అమ్మా, మీరు ఎంపీ గారి ఆఫీసులో వాలంటీరుగా చేస్తున్నారంట కదా. మా తమ్ముడి అత్తగారి వీసా ఒకటి అక్కడ ఇరుక్కుంది."

ఆ మాటతో గుంపు ఫ్లాస్కు వదిలి ఆమె చుట్టూ చేరింది. ఒకడు నా మరదలు అంటాడు, ఒకడు మా మామగారు అంటాడు. ఆమె పేపరు ప్లేటు కింద పెట్టి ఒక్కొక్కరి మాట వింటోంది. మావాడు ఆ గుంపుకి వెనక నిలబడి, ఆమె హ్యాండ్‌బ్యాగ్ పట్టుకున్నాడు.

కాసేపటికి నా దగ్గరకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"న్యూస్ చూశావా పెద్దమ్మా? మొన్న నీలం ఎంపీ ఒకాయన దూకేశాడు. రెడ్‌లోకి. ప్రధాని షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అందరూ చప్పట్లు. ఇంకా దూకేవాళ్ళు ఉన్నారంట." వాడి కళ్ళు తడిగా ఉన్నాయి, చలికో, దేనికో. "నేను చేసింది అదే కదా. నన్నెందుకు కుక్కని తరిమినట్టు తరిమారు?"

"ఆయన గెలిచాక దూకాడు. నువ్వు గెలవకముందే దూకావు."

"అంతేనా తేడా?"

"అంతే. గెలిచినవాడు వస్తే సీటు వస్తుంది. నువ్వు వస్తే నువ్వొస్తావు. నువ్వెవరికి కావాలి?"

మా అమ్మాయి విని "అమ్మా" అంది. నేను ఆగలేదు. వాడు అడిగాడు, నేను చెప్పాను. వాడు నా పక్కకి ఇంకొంచెం జరిగాడు. తర్వాత ఇంకా గొంతు తగ్గించి, కారు డిక్కీలో ఒక సంచీ ఉందన్నాడు. ఎర్రవి. ఈసారి చిన్నవే కుట్టించాడట, పేరు లేకుండా, మాట లేకుండా, ఒట్టి ఆకు బొమ్మతో. భోజనాలయ్యాక, మైకు లేకుండా, వీడియో లేకుండా, నా చేత్తో ఒక్కటి వేస్తే చాలట. సెంటిమెంటు.

"మీ ఆవిడకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే వంటలు తెచ్చిన కారు వచ్చింది. మా అమ్మాయి గరాజులో మిగిలిపోయిన నీలం కండువాల సంచీ ఏడాదంతా అక్కడే ఉంది. మంచి గుడ్డ, పారెయ్యబుద్ధి కాక, వేడి ట్రేలు పట్టుకోవడానికి తెచ్చింది. ఆడవాళ్ళు తలా రెండు అందుకుని పప్పు, వంకాయ కూర, పెరుగన్నం దించుతున్నారు. ఒకావిడ కండువాతో చెయ్యి తుడుచుకుని భుజాన వేసుకుంది. మావాడు చూస్తున్నాడు.

కోడలు గుంపులోంచే పిలిచింది. "ఏమయ్యా, ఖాళీగున్నవు గదా. ఆ పులిహోర ఒక్క చేత్తోని లేస్తలేదు, ఇటు పట్టు."

వాడు నా వంక చూశాడు, డిక్కీ సంగతి ఏం చేశావన్నట్టు.

"వెళ్ళు," అన్నాను. "కాలుతుంది, కండువా తీసుకుని పట్టుకో."

లేచి వెళ్ళాడు. సంచీలోంచి ఒకటి తీశాడు. "మన మాట, మన సీటు" లోపలికి పోయేట్టు నాలుగు మడతలు పెట్టి, ట్రే అంచు కింద దోపి ఎత్తాడు. కోడలు రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ అడుగులు కలుపుకుంటూ బల్ల దాకా మోశారు.